నీళ్ళు పోయిన దారిలో పాపతో

మా పాపకు ఎనిమిదో నెల వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. మాది మహేశ్వరం పక్కనున్న పల్లె. మా వైపు సముద్రం చూడనివాళ్ళే ఎక్కువ కాబట్టి అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ నేను బడిలో సైన్సు చెబుతాను. పెళ్ళికి ముందు నుంచీ ఏటా ఆటుపోట్ల పాఠం చెబుతూనే ఉన్నాను. బోర్డు మీద భూమిని, చంద్రుణ్ణి గీసి, చంద్రుడి వైపు నీళ్ళు ఉబ్బినట్టు నీలం సుద్దముక్కతో దిద్ది, ఇది పోటు, ఇది ఆటు అని చూపించేదాన్ని. ఒకసారి ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, నీళ్ళు ఎనకకు పోతే ఎంత దూరం పోతయి? మన బడి గేటు దాకనా, హైవే దాకనా?"

"అది చోటును బట్టి ఉంటది," అన్నాను. పిల్లలు తలలూపి రాసుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ ప్రశ్న నా తలలో తిరుగుతూనే ఉంది.

మా ఆయన విమానాశ్రయంలో పనిచేస్తాడు. ప్రయాణికుల పెట్టెలు విమానం కడుపులోకి ఎక్కించడం, దించడం ఆయన పని. శంషాబాద్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంటి డాబా మీద నిలబడితే దిగే విమానాల చక్రాలు కూడా కనబడతాయి. పాప వేలు పెట్టి చూపించడం నేర్చుకున్నది వాటినే. రోజూ విమానాల్లోకి ఎక్కి దిగే మనిషే గానీ మా ఆయన ఎన్నడూ ప్రయాణం చేయలేదు. "కడుపులకు రోజు పోతున్న, సీట్ల కూసునుడు ఒక్కటే తక్కువ," అని నవ్వేవాడు. అండమాన్ నుంచి వచ్చే పెట్టెల చక్రాల్లో తెల్లటి ఇసుక ఇరుక్కుని ఉంటుందని ఆయనే చెప్పాడు. ఒకరోజు చొక్కా జేబులో చిటికెడు తెచ్చి నా అరచేతిలో పోశాడు. మా వాగు ఇసుకలా లేదు, పిండిలా మెత్తగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే అందులో సన్నసన్నటి గవ్వ ముక్కలున్నాయి.

"పోదమా?" అన్నాడు.

"పాపతోనా?"

"పాపతోనే. జూన్ల నువ్వు మళ్ల బడికి పోతవు. ఇగ అప్పుడు నీకు తీరదు, నాకు సెలవు దొరకది."

ఈ సంగతి చెప్పడానికి ఊరికి వెళ్ళినప్పుడు అత్తమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. చాట పక్కన పెట్టి మా ఇద్దరి మొహాలూ చూసింది.

"పిచ్చి లేసిందా మీకు? పసిగుడ్డును పట్టుకొని సముద్రం నడుమకు పోతరా? గా ఉప్పుగాలికి పొల్ల పానం ఏం గావాలె?"

అక్కడ కూడా ఇళ్ళుంటాయని, బళ్ళుంటాయని, దవాఖాన ఉంటుందని మా ఆయన ఎంతో చెప్పాడు. ఆమె మళ్ళీ చాట అందుకుంది. మూడు రోజుల తర్వాత మాత్రం బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. సంచిలో వేయించి పట్టించిన తైదల పిండి, అదే రాగిపిండి, ఒక వస కొమ్ము, తన పాత నేత చీర ఒకటి తెచ్చింది. ఆ చీరతో పాపను ఛాతీకి ఎలా కట్టుకోవాలో, ముడి ఎక్కడ పడాలో మా ఇద్దరికీ నేర్పింది. "వీన్ని గిట్లనే కట్టుకొని కలుపు తీసిన," అంది, కొడుకు వైపు గడ్డంతో చూపిస్తూ.

ఫిబ్రవరిలో బయలుదేరాం. విమానంలో కిటికీ పక్క సీటు మా ఆయనదే. బయట పెట్టెలు ఎక్కిస్తున్న తోటివాళ్ళను చూసి అద్దం మీద అరచేయి ఆనించాడు. వాళ్ళలో ఒకడు పోల్చుకుని రెండు చేతులూ ఊపాడు. కాసేపటికి మా కాళ్ళ కింద ఎక్కడో ధన్ మని చప్పుడైంది. పక్క సీట్లోని పెద్దాయన ఉలిక్కిపడితే, "ఏం లేదు బాపు, సామాన్ల తలుపు ఏసిన్రు," అని మా ఆయన ధైర్యం చెప్పాడు. విమానం లేస్తున్నప్పుడు చెవులు నొప్పెట్టకుండా పాపకు పాలు పట్టాను. కింద మా కాలనీ, బండరాళ్ళ గుట్టలు, ఎండిన చెరువులు, ఎర్రమట్టిలో గీసిన ప్లాట్ల గీతలు ఒక్కొక్కటే చిన్నవైపోయాయి. ఆ తర్వాత చాలాసేపటికి కిందంతా నీలంగా మారింది. అది ఆకాశమా నీళ్ళా అని మేమిద్దరం కాసేపు వాదించుకున్నాం. ఒక చిన్న ఓడ కనబడ్డాకే నీళ్ళని ఒప్పుకున్నాడు.

పెద్ద దీవిలో ఒక రాత్రి ఉండి, తెల్లవారి ఓడెక్కి చిన్న దీవికి చేరాం. మేము దిగాల్సిన ఇల్లు ఒడ్డునే కొబ్బరితోటలో ఉంది. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు వెదురు కంచె. కంచెకు పదడుగుల దూరంలో సముద్రం ఉంది. నీళ్ళు నిండుగా, కదిలీ కదలకుండా ఉన్నాయి. ఇంత దగ్గరగా ఉంటుందని నేను అనుకోలేదు.

ఇంటామెకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి, చేతులు మాత్రం గట్టివి. మా మాట వినగానే ఆమె మొహం విప్పారింది.

"ఏటమ్మా, తెలుగోళ్ళా! మా తాతలు సిక్కోలు నుంచి వచ్చీసినారు. నేను ఇక్కడే పుట్టినాను." అని, నా చంక వైపు చేతులు చాచి, "ఏదీ, గుంటని ఇలా ఇవ్వండి," అంది.

నేను నేల వైపు చూశాను. మా దగ్గర గుంట అంటే నీళ్ళ మడుగు, కాకపోతే భూమి కొలత. మా ఆయన కూడా అటూ ఇటూ చూసి, "ఏడున్నదక్కా గుంట?" అని అడిగాడు. ఆమె పడీపడీ నవ్వింది. వాళ్ళ మాటలో గుంట అంటే ఆడపిల్లట. పాప అప్పటికే ఆమె చేతుల్లోకి వెళ్ళి ఆమె ముక్కుపుడక పట్టుకుని లాగుతోంది.

స్నానాలు చేసి, తిని, పాపతో పాటు మేమూ నిద్రపోయాం. లేచేసరికి నాలుగు దాటింది. తలుపు తీసిన మా ఆయన గడపలోనే నిలబడిపోయాడు.

"ఇగో, జర ఇటు రా. సముద్రం లేదు."

తమాషా చేస్తున్నాడనుకుని వెళ్ళాను. నిజంగానే లేదు. పొద్దున నీళ్ళున్న చోట తడి ఇసుక, దాని వెనక నల్లటి రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య అద్దాల్లా మెరుస్తున్న మడుగులు. సముద్రం ఎక్కడో దూరాన సన్నటి తెల్లగీతగా కనబడింది. మా తరగతి నుంచి బడి గేటు ఎంత దూరమో అంతకు నాలుగింతలు ఉంటుంది. ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసిన పాఠం కళ్ళముందు పరుచుకుని ఉంది. కష్టసుఖాల గురించి చెప్పేటప్పుడు మనమంతా ఆటుపోట్లు అంటుంటాం. ఆ మాటకు ఇంత పెద్ద నేల, ఇన్ని రాళ్ళు, ఇంత నాచు వాసన ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

పాపను తడి ఇసుక మీద కూర్చోబెట్టాం. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. రెండు చేతులూ ఇసుకలో దించి, బయటికి తీసి, వేళ్ళు చూసుకుంది. తర్వాత మేము ఆపేలోపే పిడికెడు నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించి, నాలుక బయటపెట్టి, మళ్ళీ ఇంకో పిడికెడు తీసింది.

"ఉప్పు తెల్సింది దీనికి," అన్నాడు మా ఆయన, వేలితో నోరు శుభ్రం చేస్తూ.

మరునాడు ఇంటామె మమ్మల్ని ఇంటి వెనక అడవిలోకి పంపించింది. పాపను మా ఆయన ఛాతీకి కట్టుకున్నాడు. ఆ చెట్ల మొదళ్ళు మనిషెత్తు గోడల్లా పరచుకుని ఉన్నాయి. ఒక్కో మొదలు పక్కన ఒక గది కట్టుకోవచ్చు. ఏ చప్పుడైనా పాప మెడ అటు తిరిగేది. మాకు వినబడని చప్పుళ్ళకు కూడా తిరిగేది. ఆమె చూసిన వైపే మేమూ చూడడం మొదలుపెట్టాం. ఆకుపచ్చటి బల్లి, ఆకు చుట్టలో ఎర్రచీమలు, కొమ్మ మీద ఒంటరిగా కూర్చున్న నీలంరెక్కల పిట్ట, అన్నీ ఆమె చూపించినవే. ఉన్నట్టుండి వాన కొట్టింది. అరటాకుల్లాంటి పెద్ద ఆకుల కింద నిలబడితే పాప అరచేయి చాచి చినుకులు పట్టింది. పది నిమిషాల్లో వాన ఆగిపోయింది. శంషాబాద్‌లో ఆ నెలలో చినుకు పడడం ఎరగం కనుక మా ఆయనకు అది సముద్రం కంటే వింతగా తోచింది.

ఇక మూడో రోజు జరిగినది చెప్పాలి.

ఒడ్డుకు ఎదురుగా, అరకిలోమీటరు దూరంలో ఒక రాతిదిబ్బ ఉంది. పైన నాలుగైదు పొదలు. నీళ్ళు నిండినప్పుడు అది దీవిలా కనబడేది, నీళ్ళు పోయినప్పుడు దాని దాకా నడిచి వెళ్ళేవాళ్ళు. అక్కడి మడుగుల్లో రంగురంగుల చేపలుంటాయని ఇంటామె చెప్పింది. అక్కడ తెల్లారడం ఐదింటికే. ఐదున్నరకు చూస్తే నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. ఇంటామె కొబ్బరికాయల బుట్టలతో ఓడరేవుకు వెళ్ళిపోయింది. అడగడానికి ఇంకెవరూ లేరు.

"యాల్ల ఎంతున్నది మనకు?" అన్నాడు మా ఆయన.

నేను లెక్కవేశాను. ముందు రోజు పదకొండు గంటలకు నీళ్ళు కంచె దాకా నిండడం చూశాను. ఈ రోజు ఇంకాస్త ఆలస్యంగా నిండాలి. "పదింటి దాక ఫికర్ లేదు," అన్నాను. అంత నమ్మకంగా అన్నాను కాబట్టే ఆయన ఇంకేమీ అడగలేదు. నీళ్ళు ఎప్పుడు నిండుతాయో లెక్కవేశాను గానీ, దారి ఎప్పుడు మునుగుతుందో వేయలేదు.

నడక బాగుంది. పాప నా ఛాతీ మీద కాళ్ళు ఊపుతూ కూర్చుంది. దారిలో మోకాలి లోతు పల్లంగా ఒక చోటు వచ్చింది, అందులో చీలమండ దాకా నీళ్ళున్నాయి. దాటి దిబ్బ చేరాం. మడుగుల్లో నిజంగానే నీలం, పసుపు చేపలు, దోసకాయలా నల్లగా పడి ఉన్న ఒక మెత్తటి జీవి, రాయనుకుని చూస్తుంటే నెమ్మదిగా కదిలిన నక్షత్రచేప. దేన్నీ ముట్టుకోలేదు, చుట్టూ వంగి చూశాం. దిబ్బ పక్కన గట్టి ఇసుక మీద పాపను దించాను.

అప్పటికి పాపకు పాకడం రావడం లేదని నేను లోపల్లోపల పరేషాన్ పడుతున్నాను. మా ఇంట్లో పాలిష్ బండల నేల. ఆమె పొట్ట మీద పడుకుని చేతులు నొక్కితే ముందుకు రావలసింది వెనక్కి జారేది. కావలసిన బొమ్మ దూరమైపోతుంటే దాన్నే చూస్తూ ఏడ్చేది. ఆ పొద్దున ఆమె ఎదుట ఒక గవ్వ లేచి నడిచింది. లోపల చిన్న ఎండ్రికాయ ఒకటి ఆ గవ్వను మోస్తూ పోతోంది. పాప కళ్ళు పెద్దవి చేసింది. ఒక చేయి ముందుకు వేసింది. కాలివేళ్ళు ఇసుకలో పట్టు దొరకబుచ్చుకున్నాయి. మోకాలు ముందుకు వచ్చింది. ఇంకో చేయి. ఎండ్రికాయ ఆగింది, పాప ఆగింది. అది కదిలింది, పాప కదిలింది.

"పాకుతున్నది!" అని మా ఆయన అరిచాడు. "ఏయ్, ముందుకు పోతున్నది చూడు!"

ఆ ఎండ్రికాయ వెంట ఆమె ఎంత దూరం పాకిందో, మేము ఎన్నిసార్లు ఎత్తి మళ్ళీ మొదటికి తెచ్చి దించామో, ఫోనులో ఎంతసేపు వీడియో తీశామో గుర్తులేదు. మా ఆయన చెప్పు ఒకటి తేలుతూ నా కాలికి తగిలేదాకా సముద్రం గుర్తురాలేదు.

తిరిగి చూస్తే మేము దాటి వచ్చిన పల్లం కనబడలేదు. దాని మీద నీళ్ళు వడిగా అడ్డంగా పారుతున్నాయి. సముద్రం మేము ఊహించినట్టు ఎదురుగా రాలేదు. పక్క నుంచి, మా వెనక నుంచి వచ్చింది. అప్పటికి టైము ఎనిమిది కూడా కాలేదు.

మా ఆయన ప్యాంటు మడిచి పల్లంలో దిగాడు. నాలుగు అడుగులకు తొడల దాకా వచ్చింది. ఆయన చిన్నప్పుడు బావిలో ఈత నేర్చుకున్నవాడే. కానీ బావి నీళ్ళు మనిషిని పక్కకు తోయవు. కాలి కింద రాయి కోసి రక్తం వస్తుంటే వెనక్కి వచ్చాడు.

"పాపను నాకియ్యి. ఎత్తి పట్టుకొని ఉరుకుత. నువ్వు నా చొక్కా పట్టుకో."

"జారితే?"

ఆయన కాలి గాయం వైపు చూసుకున్నాడు. అదే సమయంలో ఒడ్డు మీద ఎవరో కనబడ్డారు. ఇంటామె. కొంగు చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపుతోంది. ఏదో అరుస్తోంది, గాలికి ఒక్క ముక్కా వినబడలేదు.

"రమ్మంటున్నది," అన్నాడు ఆయన.

"వద్దంటున్నది," అన్నాను నేను.

ఇద్దరం కళ్ళు చిట్లించి చూశాం. ఆమె కొంగు వదిలేసి, రెండు అరచేతులూ నేల వైపు నొక్కి చూపించింది. తర్వాత తానే ఇసుకలో చతికిలపడి, లేచి, మళ్ళీ చతికిలపడింది. అప్పుడు అర్థమైంది. కూర్చోమంటోంది. ఆ వెంటనే ఆమె కొబ్బరితోట వైపు పరుగెత్తి కనుమరుగైంది.

కూర్చోమంటే ఎక్కడ కూర్చోవాలి? నీళ్ళు ఎంత పైకి వస్తాయి? నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది. ఇక లెక్కలు మానేసి దిబ్బను చూడడం మొదలుపెట్టాను. రాతికి కింది భాగమంతా తెల్లటి గరుకు గుల్లలు అంటుకుని ఉన్నాయి. అవి నా భుజమెత్తుకు వచ్చేసరికి ఎవరో గీత గీసినట్టు ఆగిపోయాయి. ఆ పైన రాయి పొడిగా, బూడిదరంగులో ఉంది. తడి ఉంటేనే బతికేవి అంతవరకే ఉన్నాయంటే నీళ్ళు కూడా అంతవరకే రావాలి.

అది చెబుతుంటే మా ఆయన అప్పటికే పైకి ఎక్కి పొదల మొదట్లో వెతుకుతున్నాడు.

"ఇగో, ఈడ చీమల పుట్ట ఉన్నది," అని పిలిచాడు. "మట్టిల ఉన్నది, పాతది. రోజు మునిగే కాడ చీమలు ఇల్లు కట్టుకోవు. మీదికి రా."

పాపను ఆయనకు అందించి నేనూ ఎక్కాను. పుట్టకు కాస్త ఎడంగా, పొద నీడలో కూర్చున్నాం. అత్తమ్మ చీర విప్పి కొమ్మలకు పందిరిలా కట్టాం. పాపకు పాలిచ్చాను. ఆమె నా కొంగు పట్టుకుని నిద్రపోయింది. చుట్టూ నీళ్ళు పెరుగుతున్నాయి. మొదట మడుగులన్నీ కలిసిపోయాయి, తర్వాత పాప పాకిన ఇసుక మునిగింది, తర్వాత గుల్లలు ఒక్కో వరుసా మునగసాగాయి. భయం ఉంది. లేదని ఎలా అంటాను? కానీ భయంతో పాటే, ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పినది ఇలా జరుగుతుందన్నమాట అని ఒక వైపు నుంచి చూస్తూనే ఉన్నాను. నీరు ఏకధాటిగా పెరగదు. ఒక అల వచ్చి కాస్త తడిపి వెనక్కి పోతుంది. ఆ తర్వాతి అలలు అంతదాకా రావు. ఇక ఆగిందేమో అనుకునేలోపు ఇంకోటి వచ్చి ఇంకో వేలెడు పైకి తడుపుతుంది.

"తప్పు నాదే," అన్నాను.

"నేను గూడ అడగలే," అన్నాడు ఆయన. అరికాలి రక్తం తుడుచుకుంటూ, "అమ్మకు చెప్పకు," అన్నాడు.

తొమ్మిది దాటాక పడవ కనబడింది. ఇక్కడివాళ్ళు డోంగీ అనే సన్నటి చెక్కపడవ. ఇంటామె ఒక్కతే తెడ్డు వేస్తోంది. మా వైపు నేరుగా రాకుండా దూరంగా ఎడమకు పోయి, అటునుంచి చుట్టి, దిబ్బ వెనక అలలు లేని చోట ఆపింది.

"ముందు గుంటని ఇవ్వండి," అంది. నిద్రలోనే పాప చేతులు మారింది. మేమెక్కి కూర్చున్నాక ఆమె నోరు విప్పింది. "సదువుకున్నోళ్ళు కదమ్మా! నేను లేకుండా ఎల్లొద్దని సెప్పడం మరిసిపోనాను, అది నా తప్పే. కానీ మీరు నీళ్ళని సూసుకోవాలి కదా? ఆ పల్లంలో దిగుంటే ఏటయ్యేది? మొన్నో మనిషి దిగీసి మోకాలు సిప్ప పగలగొట్టుకున్నాడు."

మేమిద్దరం తలలు వంచుకున్నాం. పడవ ఒడ్డుకు చేరేసరికి ఆమె కోపం తగ్గింది. ఇంట్లో మా ఆయన కాలికి పసుపు అద్ది గుడ్డ కట్టింది. మాకు చారు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని అడిగింది.

"మీ ఊర్లో నీళ్ళు ఎల్లిపోతే మళ్ళీ ఎప్పుడొస్తాయి?"

"మా దగ్గర ఎల్లిపోతే రావక్కా," అన్నాడు మా ఆయన. "బోరు ఎండితె ఇగ అంతే. వాన పడ్డప్పుడు చూసుకోవాలె."

ఆమె నమ్మలేదు. రోజుకు రెండుసార్లు ఇంటి ముందుకు నీళ్ళు వచ్చే చోట పుట్టి పెరిగిన మనిషి. చెరువు ఎండడమంటే ఏమిటని, ఎండితే చేపలు ఎటు పోతాయని, ఆ నేల మీద నడుస్తారా అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే పోయింది. చెరువు అడుగున మట్టి పలకలు పలకలుగా పగులుతుందని మా ఆయన చేతులతో చూపిస్తే నోరు తెరుచుకుని విన్నది.

మిగిలిన రెండు రోజులూ ఆమె వెంట లేకుండా ఇసుకలో అడుగు పెట్టలేదు. ఆమె ఒక కర్ర పాతి, నీళ్ళు దాని దగ్గరికి వచ్చిన వేళను నన్ను చూసుకోమంది. మరునాడు అదే చోటికి రావడానికి ముప్పావుగంట పైనే ఆలస్యమైంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పుస్తకంలో ఆ సంగతి ఉంది. కర్ర దగ్గర గొంతుక్కూర్చుని ఎదురుచూడడం మాత్రం పుస్తకంలో లేదు. పాప ఆ పక్కనే తన ఎండ్రికాయల వెంట పాకుతూ ఉండేది. మోకాళ్ళు ఎర్రగా కందిపోయినా ఆగలేదు.

వెళ్ళిపోయే రోజు ఆమె ఓడరేవు దాకా వచ్చింది. మేము గవ్వలేమైనా సంచిలో వేసుకున్నామేమోనని ముందే అడిగింది. వేసుకోలేదని చెబితే, "మంచిపని సేసినారు. అవి ఎవరికో ఇల్లు," అంది. తిరుగు ప్రయాణంలో సముద్రం బాగా ఊగింది. మా ఆయన రెయిలింగు పట్టుకుని వాంతులు చేసుకుంటుంటే, ఓడ లేచిన ప్రతిసారీ పాప కేరింతలు కొట్టింది.

శంషాబాద్‌లో ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మాకంటే ముందే వచ్చి వంట చేసి పెట్టింది. దిబ్బ సంగతి చెప్పొద్దనుకున్నాం కదా, మా ఆయన మొదటి ముద్ద తినకముందే మొత్తం చెప్పేశాడు. నేను తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. ఆమె పాపను ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళూ కాళ్ళూ తడిమి చూసుకుంది.

"గామెకు చీర పెట్టి వచ్చిన్రా?" అని అడిగింది చివరికి.

మేము మొహాలు చూసుకున్నాం.

"పానాలు కాపాడిన మనిషికి చీర పెట్టకుంట వచ్చిన్రా? ఏం చదువుకున్నరు మీరు?"

ఆ వారమే ఆమె స్వయంగా దుకాణానికి వెళ్ళి, పది చీరలు విప్పించి, ఆకుపచ్చ అంచున్న నేత చీర ఒకటి తీసింది. పోస్టులో పంపించాం. అది చేరడానికి చాలా రోజులు పట్టింది. చేరిన రోజు ఇంటామె నాకు ఫోను చేసింది. నేను హలో అనేలోపే అత్తమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకున్నారు. ఒకరి తెలుగు ఇంకొకరికి సగమే అర్థమైంది. అయినా అరగంట మాట్లాడుకున్నారు.

అప్పటి నుంచి వారానికొకసారి ఆ ఫోను వస్తుంది, లేకపోతే ఇక్కడి నుంచి వెళ్తుంది. అత్తమ్మ మొదట అడిగేది ఒక్కటే.

"నీళ్ళు ఇప్పుడు ఏడిదాక ఉన్నయి వదినా?"

"కంచె కాడికి వచ్చీసినాయి," అంటుంది అటునుంచి ఆమె.

మొన్నటి ఆదివారం అత్తమ్మ ఆ చప్పుడు వినిపించమని అడిగింది. ఇంటామె ఫోను పట్టుకుని కంచె దాటి నడిచినట్టుంది, ముందు గాలి హోరు, తర్వాత అలల చప్పుడు వచ్చాయి. అత్తమ్మ కళ్ళు మూసుకుని, ఫోను చెవికి నొక్కి పట్టుకుని, డాబా మెట్ల మీద కూర్చుండిపోయింది. పాప ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడి, తనకూ కావాలని ఫోను వైపు చేయి చాచింది.